టిక్కు పడని పళ్ళు

నాయనా డారెల్,

మొన్న బీమా ఏజెంటుగా వచ్చి మా వంటింట్లో కూర్చుని, ముసలివాళ్ళకి సర్కారిచ్చే మెడికేర్ ఆరోగ్య బీమా ప్లాన్లన్నీ చక్కగా విడమరిచి చెప్పావు. మా ఆయన వర్జిల్ విరిగిన కట్టుడుపళ్ళు బల్లమీద పెట్టి, "మరి వీటి సంగతేంటయ్యా?" అనగానే మాత్రం నోరు కుట్టేసుకున్నావు. "ఏమేం మాట్లాడాలో మీరు ముందే రాసిచ్చిన ఫారంలో పళ్ళ గడికి టిక్కు పెట్టలేదమ్మా. టిక్కు లేనిది నేను మాట్లాడకూడదు. రూలు ప్రకారం కొత్త ఫారమిచ్చి రెండు రోజులు ఆగాలి" అన్నావు. ఆ రెండు రోజుల్లోనే థాంక్స్‌గివింగ్ పండుగ విందు వచ్చిపడింది. అందరూ టర్కీ కోడి మాంసం తింటుంటే ఆయన సూపు జుర్రుతూ నిన్నే తలుచుకున్నాడు.

ప్లాను మార్చుకునే గడువు డిసెంబరు ఏడుతో సరి. గురువారం తప్పక రా. కొత్త ఫారం జతచేశాను. ఈసారి గడులన్నిటికీ టిక్కు పెట్టాం. అడుగున వర్జిల్ తనే ఇంకో గడి గీసి, "ఏజెంటును తిట్టడం" అని రాసి, దానికీ టిక్కు పెట్టాడు.

రూలు ప్రకారం రెండు రోజుల ముందే తెలియజేస్తున్నాం.