గాజులు తొడిగేదాకా

ఆళ్లగడ్డ
12 మే 1957

విజయకు నెల తప్పింది. ఎవరికీ చెప్పనని అమ్మ నా చేత దేవుని పటం ముందర ఒట్టు వేయించుకుంది. పోయినసారి తండ్రినవుతున్నానని మూడో నెలకే స్కూల్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. నాలుగో నెలలో కడుపు పోయింది. దిష్టేనని అమ్మ తేల్చేసింది. ఈసారి సీమంతం చేసి గాజులు తొడిగేదాకా సంగతి గడప దాటకూడదంట.

పిల్లలకు హైజీన్ పాఠం చెప్పే మాస్టరుని. ఒట్టేశాను.

20 ఆగస్టు

మెటర్నిటీ సెంటర్ నర్సు హన్నమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ మా వాకిట్లో ఆగింది. మద్దిలేటి సారూ, మీ ఇంట్లో ఏమన్నా విశేషముందా అని అడిగింది. విజయ దొడ్లో బట్టలు ఉతుకుతోంది. ఏమీ లేదన్నాను. ఉంటే దాయొద్దప్పా, బ్లడ్ ప్రెషర్ చూసి పోతా, అంతే కదా అంది. నవ్వుతూ సాగనంపాను. ఎంత బాగా అబద్ధమాడానో అని కాసేపు గొప్పగా కూడా అనిపించింది.

14 అక్టోబర్

విజయ పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉంటోంది. కడుపులో మగపిల్లోడుంటే కాళ్లకు నీరు దిగుతాదిలే అని అమ్మ సంబరపడుతోంది.

ఇది ఏడో నెల. ఈ నెల్లో గాజులు తొడిగేస్తే మర్నాడే హన్నమ్మకు చూపిద్దామనుకున్నాను. అయ్యవారు పంచాంగం చూసి మూఢం వచ్చిందన్నాడు. శుభకార్యాలు చేయకూడదు. ఎనిమిదో నెల సరిసంఖ్య, పనికిరాదు. ఇక తొమ్మిదిలోనే.

5 నవంబర్

విజయకు రెండు రోజులుగా తలనొప్పి. అమ్మ శొంఠి పట్టు వేసింది.

27 నవంబర్

దీపం మసకగా కనబడతాందని విజయ చెప్పింది. నన్ను యాడికన్నా తీసుకపో అని అడిగింది. ఆ మనిషి నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

అమ్మతో అన్నాను. ఇన్ని దినాలు ఓర్చుకుంటిమి, ఇంగ పదిదినాలకు ఊరంతా తెలియాల్నా, పోయినసారి ఎవరి నోటి వల్ల పాయనో మర్చిపోయినావా అంది. మర్చిపోతానా. నా నోటి వల్లే కదా. విజయను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా.

8 డిసెంబర్

పొద్దున గాజులు తొడిగించారు. ముత్తైదువలు పన్నెండు మంది. ఎర్రవి, పచ్చవి తెచ్చారు. విజయ చేతులు వాచి గాజు ఎక్కడం లేదు. గాజులామె సబ్బు నురగ రాసి తోసింది. నాలుగోది ఎక్కుతుండగా విజయ కళ్లు తేలేసి పీట మీద నుంచి పడిపోయింది. ఫిట్స్.

నేనే పరిగెత్తాను హన్నమ్మ దగ్గరికి. ఆమె వచ్చి చూసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బేగా నంద్యాలకు పోదాం పాండి అని తానూ మాతో బస్సెక్కింది. శిరివెళ్ల దాటాక మళ్లీ ఫిట్స్. బస్సులో వాళ్లంతా లేచి చోటిచ్చారు. విజయ తల నా ఒళ్లోనే ఉంది. పిలిస్తే పలకలేదు.

నంద్యాల
9 డిసెంబర్

బిడ్డ చనిపోయి పుట్టింది. ఆడపిల్ల. తెల్లవారాక విజయ కూడా పోయింది.

ఎన్నో నెల నుంచి చూపిస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. చూపించలేదన్నాను. మీ ఊళ్లో నర్సు లేదా అంది. ఉందన్నాను. ఎంత దూరమంది. మూడు వీధులన్నాను.



ఆళ్లగడ్డ
21 డిసెంబర్

పేరంటానికి వచ్చిన పన్నెండు మందిలో ఎవరి కన్ను తగిలిందోనని అమ్మ ఏడుస్తోంది. ఒక్కొక్కరి పేరూ తలుచుకుని తిడుతోంది. నేనూ వింటూ కూర్చున్నాను. ఎవరో ఒకరిది అయితే బాగుండునని నాకూ అనిపించింది.

2 ఏప్రిల్ 1958

మా తమ్ముడి భార్య సరస్వతికి మూడో నెలంట. అమ్మ నన్ను లోపలికి పిలిచి, ఎవరికీ చెప్పొద్దు నాయనా అంది.

చెప్పులేసుకుని బయలుదేరాను. ఎదురింటి వాళ్లకు చెప్పాను. టీకొట్టులో చెప్పాను. నంద్యాల బస్సు ఆగి ఉంటే ఎక్కి, మొహం తెలియని వాళ్లకూ చెప్పి దిగాను. చివరికి హన్నమ్మ దగ్గరికి పోయి, ఆమె బ్లడ్ ప్రెషర్ పెట్టె నేనే ఎత్తుకుని మా ఇంటి వైపు నడిచాను.