ఒక పెద్ద పంపా, రెండు చిన్నవా

ఆగస్టు 4

అమ్మ పిన్నితో ఫోన్‌లో చెప్తోంది, దీనికి ఇన్నాళ్లకి ఇంట్లో మనసు కుదిరిందే అని. పొద్దున్నే లేస్తోందట. తొట్టి ముందు కూర్చుంటోందట. ఎవరి మీదా విసుక్కోవడం లేదట. అక్కడికి పోతాను ఇక్కడికి పోతాను అన్న మాటే మానేసిందట. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ అంతా విన్నాను. నాకు వినపడుతుందని ఆవిడకీ తెలుసు.

ఇరవై మూడేళ్లుగా కళ్ల ముందున్న మనిషిని ఇంత తప్పుగా అర్థం చేసుకోవడం కూడా ఒక విద్యే.

అసలు జరిగింది ఇది. జూన్‌లో ఒక రోజు భోజనాల దగ్గర అడిగాను, సముద్రం ఒడ్డున రీసెర్చ్ స్టేషన్‌లో ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టులు పడ్డాయి, అప్లై చేస్తానని. నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాతి ఆదివారం ఇద్దరు మనుషులు చేపలు పెంచే మూడడుగుల గాజు తొట్టి మోసుకొచ్చి హాల్లో దింపారు. నాన్న ఆఫీసులో ఎవరో ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ అమ్మేశారట. సముద్రం సముద్రం అంటావుగా, ఇంటికే తెచ్చేశాను, ఇంక ఎటూ పోనక్కర్లేదు అన్నాడు. చెమటలు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూశాక ఎవరికైనా నోరెలా పెగులుతుంది?

అప్పటికే అప్లై చేసేశానని చెప్పలేదు.

పైగా తొట్టి అంటే నాకు నిజంగానే ఇష్టం ఏర్పడింది. అదే నా ఖర్మ.

ఆగస్టు 6, లంచ్ టైమ్

రక్త పరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు టైప్ చేయడం నా ఉద్యోగం. పొద్దుట్నుంచి నార్మల్, నార్మల్, నార్మల్. ఊళ్లో అందరూ నార్మలే. నేనొక్కదాన్నే కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఆ మూడు రోజుల గురించి ఆలోచిస్తున్నాను.

ఫైనలియర్ జువాలజీ ట్రిప్. అదే స్టేషన్. మాస్కు పెట్టుకుని మొహం నీళ్లలో ముంచాను. కింద ఉన్నవన్నీ ఒక పక్కకి వాలాయి. కాసేపు ఆగాయి. మళ్లీ ఇటు వాలాయి. నేనూ వాలాను. ఎవరూ తోయలేదు, ఎవరూ లాగలేదు.

తిరిగి హాస్టల్‌కొచ్చి పడుకుంటే మంచం ఊగింది. మర్నాడు కూడా ఊగింది. ఆ తర్వాత ఒక రోజు మంచం మంచంలాగే ఉంది. ఆ రోజు ఏడ్చాను. ఎవడే వాడు అని అడిగింది రూమ్మేట్.

ఆగస్టు 10

నాన్నా నేనూ చేపల షాపుకి వెళ్లాం. ఓనర్‌కి నేను పెట్టిన పేరు తిమింగలం. మనిషి అంత ఉంటాడు, ఊపిరి కూడా అలాగే వదులుతాడు.

ఫిల్టరు నీళ్లని శుభ్రం చేస్తుందంతే. ఉప్పునీటి తొట్టికి ఇంకొకటి కావాలి, నీళ్లని కదిలిస్తూ ఉండే పంపు. నీళ్లు నిలిచిపోతే రాళ్ల వెనక చెత్త పేరుకుంటుంది, లోపలికి గాలి కలవదు. గంటకి తొట్టెడు నీళ్లూ పది సార్లయినా తిరగాలన్నాడు తిమింగలం. ఇరవై అయినా తప్పు లేదట.

రెండు చిన్నవి తీసుకుందామన్నాను. చెరో చివర పెడితే రెండు ధారలూ మధ్యలో ఢీకొంటాయి, నీళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. నాన్న ఒప్పుకోలేదు. రెండంటే రెండు ప్లగ్గులు, రెండు చప్పుళ్లు, గట్టిది ఒకటి పడేస్తే పోలా అన్నాడు. సార్‌కి తెలుసు అన్నాడు తిమింగలం, పెద్ద డబ్బా దించుతూ. అడిగిందంతా నేను. జవాబులన్నీ నాన్నకి.

ఒక పెద్దది కొన్నాం. అది పట్టుకుని నాన్న రోడ్డు మీద నడుస్తుంటే పసిబిడ్డని ఆసుపత్రి నుంచి తెస్తున్నట్టుంది.

ఆగస్టు 10, సాయంత్రం

ఆన్ చేశాం. తొట్టిలో ఇసుక తుఫాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నీళ్లేవి, కాఫీలా ఉందేంటి అంది. పంపుని పైకి జరిపి మూతి నీటి మట్టం వైపు తిప్పాను. పైన నీళ్లు సన్నగా ముడతలు పడ్డాయి. అది చూస్తూ నిలబడ్డాను. అమ్మ నా మొహం చూసి తృప్తిగా లోపలికి వెళ్లింది.

ఆగస్టు 12

ఇసుకంతా కుడి మూలకి చేరింది. సముద్రానికైనా ఒడ్డు ఒక పక్కే ఉంటుంది అంటున్నాడు నాన్న.

సెప్టెంబర్ 8

నీళ్లు కుదుటపడ్డాయి. నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపలు రెండు, ఒక రొయ్య వచ్చాయి. అక్క చూడ్డానికి వచ్చి, పెళ్లి కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా, ఈ జంటని అడ్డం పెట్టుకోవడం దేనికి అంది. ఈ జాతిలో రెండిట్లో పెద్దది ఆడదవుతుంది, దాని మాటే చెల్లుతుంది అన్నాను. మా ఇంట్లో కూడా అంతే అన్నాడు నాన్న, అమ్మ వైపు చూడకుండా.

అమ్మకి రొయ్య నచ్చింది. చేపల ఒంటి మీద మురికి ఏరుకు తింటుంది. ఈ ఇంట్లో పని చేసేది నేనూ ఇదీ అంటుంది. వేలు నీళ్లలో పెడితే వచ్చి గోళ్లు శుభ్రం చేస్తుంది. రోజూ గిన్నెలు కడిగాక అమ్మ గోళ్లు దానికి అప్పజెప్పి కూర్చుంటోంది.

చేపలు రెండూ ఎడమ మూల రాయి వెనకే ఉంటున్నాయి. పంపు ధార అక్కడికి రాదు. బయటికొస్తే కొట్టుకుపోతాయి. వాటికి అది ఇల్లని అందరూ ముచ్చట పడుతున్నారు.

సెప్టెంబర్ 19

స్టేషన్ నుంచి మెయిల్. నన్ను తీసుకున్నారు. నెలాఖరులోగా జవాబివ్వాలి.

ల్యాబ్ బాత్‌రూమ్‌లో నిలబడి చదివాను. గోడ పట్టుకున్నాను.

సెప్టెంబర్ 20

చెప్పలేదు.

సెప్టెంబర్ 22

ఇవాళా చెప్పలేదు. నాన్న తొట్టి అద్దం తుడుస్తున్నాడు.

సెప్టెంబర్ 25

అక్క ఇల్లు మారింది. సామాన్లు సర్దడానికి నిన్న పొద్దున్నే అమ్మా నేనూ వెళ్లాం. నాన్న ఇంటికి తాళం వేసుకుని వెనకొచ్చాడు. రాత్రి అక్కడే ఉండిపోయాం.

నాన్న గడప దాటాలంటే ఇంట్లో స్విచ్చులన్నీ కట్టేయాల్సిందే. గీజరు, ఫ్యాన్లు, టీవీ, చివరికి కాలింగ్ బెల్ కూడా. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి చూస్తాడు. ఫ్రిజ్ ఒక్కటే మినహాయింపు, దాని స్విచ్చు మీద అమ్మ ఎప్పుడో ఎర్ర టేపు అంటించింది.

ఇవాళ సాయంత్రం తలుపు తీస్తే హాల్లో చప్పుడు లేదు. అమ్మ చెప్పులు విప్పుతూ, ఎంత హాయిగా ఉందో ఇల్లు అంది. తొట్టి కూడా అలాగే ఉంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను చూసిన అన్ని రోజుల్లోనూ ఇవాళే అందంగా ఉంది. చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. రొయ్య వెల్లకిలా పడి ఉంది.

స్విచ్చు వేశాను. ఫిల్టరు తిరిగింది. పంపు మాత్రం మూలిగి ఊరుకుంది. లోపల ఇసుక ఇరుక్కుంది. దాన్ని ఊడదీసి వెనిగర్‌లో నానబెట్టాను. నాన్న చొక్కా కూడా మార్చుకోకుండా బాత్‌రూమ్ మగ్గు పట్టుకొచ్చాడు. సబ్బు తగిలితే ఉన్నవీ పోతాయని అరిచాను. వంటింట్లోంచి స్టీలు జగ్గు తెచ్చాడు. తొట్టిలోంచే ముంచి, చెయ్యి ఎత్తి, పైనుంచి తొట్టిలోకే పోయడం మొదలుపెట్టాడు. గాలి కలవాలి కదా అని. నేను చెప్పిందే. విననట్టే ఉండేవాడు అప్పుడు.

భోజనం వేళ దాటినా పోస్తూనే ఉన్నాడు. చెయ్యి మారుస్తున్నాడు. నేను పాత టూత్‌బ్రష్‌తో పంపు తోముతున్నాను. మరి అక్కడ సముద్రంలో అంత నీటినీ ఎవరు తిప్పుతారు అన్నాడు. చంద్రుడు, గాలి అన్నాను. ఇంకో జగ్గు పోశాడు. అయితే స్విచ్చు లేదన్నమాట అన్నాడు.

అప్పుడు చెప్పాను. మెయిల్ వచ్చింది, తీసుకున్నారు అని.

జగ్గు ఆగలేదు. కాస్త కిందనుంచి పోశాడంతే.

సెప్టెంబర్ 26

అమ్మ రొయ్యని పేపర్లో చుట్టి పూలకుండీలో పాతింది. తర్వాత నా మీద పడింది. ఇంత కుదురుగా ఉన్నదానివి ఉన్నట్టుండి ఏమొచ్చింది అంటుంది. ఉన్నట్టుండి కాదన్నాను. మరి పొద్దున్నే తొట్టి ముందు కూర్చునేదానివే అంది. అందుకే కూర్చునేదాన్ని అన్నాను. ఆవిడ అర్థం కాక ఏడ్చింది. అర్థమయి ఏడ్చిందేమో కూడా.

నాన్న మాత్రం తొట్టి గురించే మాట్లాడాడు. ఒక్క రోజు ఏమరితేనే ఇంత జరిగింది, నువ్వు పోతే ఇవి బతకవు అన్నాడు. మూడు సార్లు అన్నాడు. మూడోసారి నా వైపు చూడలేదు.

నేను ఉండిపోతే ఆ మొహం మళ్లీ వెలుగుతుంది. నాకు తెలుసు. ఆ వెలుగులో నేను ఎడమ మూల రాయి వెనక ఉంటాను.

సెప్టెంబర్ 27

ఒక్కదాన్నే షాపుకి వెళ్లాను. తిమింగలం నా వెనక నాన్న కోసం వెతికాడు. ఎవరూ లేరని తేలాక నాకే జవాబులు చెప్పాడు. పెద్దది వెనక్కి ఇచ్చేసి రెండు చిన్నవి తెచ్చాను.

చెరో చివర బిగించాను. ఒకటి హాలు ప్లగ్గులో, ఒకటి వంటింటి గోడ ప్లగ్గులో. నాన్నని కూర్చోబెట్టి చూపించాను, ఎలా ఊడదీయాలి, ఎలా తోమాలి, లోపలి చక్రం ఎటు పెట్టాలి. బుద్ధిమంతుడిలా చేశాడు. చక్రం తిరగేసి పెట్టాడు. మళ్లీ చేయించాను. వెళ్లమని అనలేదు. వద్దని కూడా అనలేదు.

రెండూ ఆన్ చేశాం. నీళ్లు మధ్యలో కలుసుకుని తడబడ్డాయి. ఇసుక కదల్లేదు. కాసేపటికి పెద్ద చేప రాయి వెనకనుంచి బయటికొచ్చి, ఒక పక్కకి వాలి, ఆగి, ఇంకో పక్కకి వాలింది.

నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

సెప్టెంబర్ 28

ల్యాబ్ నుంచి వచ్చేసరికి రెండు పంపుల స్విచ్చుల మీదా ఎర్ర టేపు ఉంది. అంచులు కత్తెరతో సమంగా కత్తిరించి ఉన్నాయి. అమ్మ అంత ఓపిగ్గా కత్తిరించదు.

సెప్టెంబర్ 29

వస్తున్నానని స్టేషన్‌కి రాశాను. ల్యాబ్‌లో రిజైన్ చేశాను. తొట్టి నాన్నది. నేను వెళ్తున్నాను.