ఇంజను ఆపిన చోటు

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ, నీ మేనకోడలు ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసుల సంగతి తరువాత రాస్తాను. నువ్వు వేళకు తింటున్నావని, నీళ్ళలోకి దిగేముందు చెవులు చూపించుకుంటున్నావని తలుస్తాను.

నువ్వు ఉత్తరం రాయడమే ఇంట్లో వింత అయింది. బడికి వెళ్ళే రోజుల్లో కాపీ పుస్తకాలు కూడా నాతో రాయించుకున్నవాడివి. ఫోనులో అయితే కంపెనీవాళ్ళ చెవిన పడుతుందని భయపడ్డావేమో. నాకూ కాగితమే నయం. ఫోనులో నేను ఒకటి అడిగితే నువ్వు ఇంకోటి చెప్పి నవ్వించేస్తావు.

నా కళ్ళ గురించి అడిగావు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాక వల బాగుచేయడం తేలికైంది. నీ మేనకోడలు నర్సింగు పరీక్ష పాసైంది. మామయ్య వస్తే మొదటి సూది ఆయనకే వేస్తానని చెప్పమంది. ఇక నువ్వు పంపిన మోటారు ఎలా నడుస్తోందని అడిగావు కదా, అది నడవడం లేదు. గోనె కప్పుకుని వసారాలో కూర్చుంది. మీ బావ దానిచుట్టూ ఒకసారి తిరిగి, "బావమరిది ప్రేమ మరీ బరువెక్కింది, మన బోటు మోయలేదు" అని పాత మోటారుకే నూనె పోసుకున్నారు.

ఇప్పుడు నువ్వు చివర్లో రాసిన ముక్కకు వస్తాను. ఆ మునిగిన ఓడ గురించి జరిగే విచారణకు వెళ్ళొద్దని, ఎవరైనా అడిగితే ఏమీ తెలియదని చెప్పమని రాశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నెవరూ ఏమీ అనకముందే అంత కంగారెందుకురా నీకు?

ఆ రోజు గుర్తుందా? మునిగిన ఓడల సరుకు పైకి తీసే ఈ కంపెనీలో చేరిన తరువాత మొదటిసారి సెలవుకు వచ్చి, "అక్కా, నాన్నతో వెళ్ళినట్టు ఒక్కసారి సముద్రంలోకి వెళ్దామే" అన్నావు. నేను ఎంత మురిసిపోయానో నీకు తెలియదు. లైట్‌హౌసు, దాని వెనక కొండ నొక్కు ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, ఆ ఓడ మునిగిన చోట ఇంజను ఆపాను. పక్కనున్న ఫ్యాక్టరీ గొట్టం ఎక్కడ కనబడాలో వేలు పెట్టి చూపించాను. నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగావు. నీకు మొదటినుంచీ మతిమరుపేనని నవ్వాను. ఇంటి గుట్టు లంకకు చేటని వినడమే గానీ, ఆ గుట్టు నా నోటితోనే విప్పుతానని అనుకోలేదు. నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకు మీ కంపెనీ ఓడ సరిగ్గా అక్కడే లంగరు వేసింది.

అయినా నీ మీద అనుమానం రానివ్వలేదు. మీ బావ ఆ మాట అంటే ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

మొదటి విచారణకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నువ్వు నన్ను చూడలేదు. ఓడ మాది, అందులోని వెండీ మాదే అని దొరల దేశం నుంచి వచ్చిన వకీలు అన్నాడు. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి అందరికీ చూపిస్తామని మ్యూజియం పెద్దమనిషి అన్నాడు. వెతికి పైకి తీసింది మేమని మీ మేనేజరు అన్నాడు. మెట్ట ఊళ్ళ నుంచి రైతులు కొందరు వచ్చారు. ఆ వెండి మా ముత్తవ్వల కాళ్ళకున్న కడియాలు, కరువులో పన్ను కట్టలేదని దొరలు ఊడబీక్కుని కరిగించారు అన్నారు. రుజువేమిటని వకీలు అడిగాడు. "దోచుకున్నవాడు రశీదు ఇస్తాడా బాబూ" అని ఒక ముసలాయన అంటే హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. దొంగ మూట బావిలో పడితే, ఆ మూట దొంగదా, తాడు వేసి తోడినవాడిదా? సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

తీర్పు ఎటు పోతుందన్నది ఒక్క ప్రశ్న మీదే ఉందట. ఒడ్డువాళ్ళకు ముందే తెలిసిన చోటైతే, కనిపెట్టామని ఎవరూ వాటా అడగడానికి లేదు. ఎవరికీ తెలియని చోటైతే సింహభాగం కంపెనీదే. అప్పుడు నిన్ను పిలిచారు. నువ్వు కంపెనీ చొక్కా వేసుకుని నిలబడి చెప్పావు.

"ఒడ్డున ఆ ఓడ సంగతి ఎవరికీ తెలీదండి. వాళ్ళు చేపలు పట్టుకునేవాళ్ళు. వాళ్ళకేం తెలుస్తుంది?"

ఎవరికీ తెలియదా? ఆ చోటు దాటేటప్పుడు మన ఒడ్డు బోట్లన్నీ ఇంజను ఆపి తెడ్డు వేస్తాయే, అది ఎందుకో నీకు తెలియదా? నాన్న నీ చేతిలో తెడ్డు పెట్టి మరీ చెప్పాడు. తుపాను ముంచుకొస్తుంటే, సరుకు ఎక్కించడానికి వెళ్ళిన కూలీలను దింపకుండానే ఆ ఓడ లంగరు ఎత్తింది. అందులో మన ముత్తాత అన్న ఉన్నాడు. పడుకున్నవాళ్ళ నెత్తిన చప్పుడు చేయకూడదురా అనేవాడు నాన్న. వెండి పక్కన ఎముకలున్నాయని నువ్వే పోయినసారి ఫోనులో నోరు జారావు. కంపెనీ వెండిని పైకి తెచ్చింది, వాటిని వదిలేసింది. నువ్వూ వదిలేశావు. ఇంత మాట పడలేక ఆ రోజు దారంతా ఏడుస్తూ వచ్చాను తమ్ముడూ.

ఇక దాచిపెట్టిన సంగతి రాస్తాను. రెండో విచారణకు నువ్వు రాలేదు. మీ మేనేజరు ఈపాటికి నీకు ఫోను చేసే ఉంటాడు. ఎవరో ఆడమనిషి లేచి గొడవ చేసి అంతా పాడుచేసిందని చెప్పి ఉంటాడు. ఆ ఆడమనిషిని నేనే.

ఓడను కనిపెట్టిన క్షణం అంటూ మీవాళ్ళు గర్వంగా ఒక వీడియో వేశారు. చిన్న బోటులో చుక్కాని దగ్గర నువ్వు, తెర ముందు నీటి అడుగున ఏముందో వెతికే మిషను చూసేవాడు. అతను ఇంకా ఏమీ కనబడలేదని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇంతలో నీ చెయ్యి వెళ్ళి ఇంజను ఆపింది. తరువాత పక్కకు వంగి తెడ్డు కోసం తడిమావు. ఆ బోటులో తెడ్డెక్కడిది? ఖాళీ చేతిని చూసుకుని వెనక్కి తీసుకున్నావు. బోటు కొంచెం జరిగాక అప్పుడు మిషను కూసింది, అందరూ చప్పట్లు కొట్టారు.

హాల్లో అది ఎవరి కంటా పడలేదు. నా కంట పడింది. నాన్న నేర్పింది నీ చెయ్యి ఇంకా మరిచిపోలేదని ఒక్క క్షణం పొంగిపోయాను. మరుక్షణం లేచి నిలబడ్డాను.

"అమ్మా, ఆ బొమ్మ మళ్ళీ వేయించండి. మిషను కూయకముందే మా తమ్ముడు ఇంజను ఎందుకు ఆపాడో వీళ్ళను అడగండి."

విచారణ అధికారి పెద్దావిడ. మూడుసార్లు వేయించుకుని చూసింది. డీజిలు ఆదా చేయడానికని మీ వకీలు ఏదో అన్నాడు. ఆవిడ మర్నాడు మన బోటెక్కింది. వేట ముగించి వచ్చే బోట్లు ఒకటొకటిగా అక్కడికి రాగానే నోరు మూసుకోవడం, తెడ్ల మీద దాటడం, మళ్ళీ ఇంజను వేసుకోవడం కూర్చుని చూసింది. దిగేటప్పుడు ఈ చోటు నీకు ఎవరు చూపించారని అడిగింది. మా నాన్న అన్నాను. ఇంకెవరికి చూపించాడు అంది. మా తమ్ముడికి అన్నాను.

కంపెనీకి వాటా లేదని తీర్పు చెప్పారు. ఎముకలు తీసేదాకా వెండి తాళంలోనే ఉంటుంది. అది మెట్ట ఊళ్ళకు చేరుతుందో, దొరలు పట్టుకుపోతారో నాకు తెలియదు. అబద్ధం చెప్పినందుకు నీకు నోటీసు వస్తుంది. అది రాకముందే ఈ ఉత్తరం నీకు అందాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను. నువ్వు నాకు చేసింది ద్రోహం. నీలో మిగిలిన ఒక్క మంచి అలవాటునే పట్టుకుని నిన్ను పట్టించాను, దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు.

వాళ్ళు పిలవకముందే నీ అంతట నువ్వే వచ్చి నిజం చెప్పు. ఉద్యోగం పోతుంది, నాకు తెలుసు. ఆ రోజు నీ పక్కనే నిలబడతాను. కానీ నీ కోసం ఒక్క అబద్ధం కూడా ఆడను.

ఇట్లు,
నీ మీద సాక్ష్యం చెప్పిన
నీ అక్క