ఇస్త్రీ గదిలో దొరగారు

బావగారికి,

నమస్కారాలు. క్షేమంగా చేరాను. ఇక్కడి ఆస్పత్రిలో నాకు కాన్పుల వార్డులో డ్యూటీ వేశారు. నర్సు శిక్షణకి వచ్చినవాళ్ల హాస్టల్లో మనుషులకే చోటు చాలడం లేదు, ఇక పెంపుడు ఊసరవెల్లిని రానిస్తారా? అందుకే తిరిగొచ్చేదాకా మా దొరగారిని మీకు అప్పగించాను. మిమ్మల్ని ఒప్పించింది అక్క కాబట్టి ధన్యవాదాలు అక్కకే. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే వీధంతా గుమిగూడుతోందని, ఏమున్నా ఉత్తరాల్లోనే తిట్టుకోమని తీర్పిచ్చింది కూడా అక్కే.

దొరగారికి అన్నిటికంటే ముఖ్యం గాలిలో తేమ. గిన్నెలో నీళ్లు పెడితే ఆయన కన్నెత్తి చూడరు, ఆకుల మీద నిలిచిన చుక్కలే తాగుతారు. పొద్దునా సాయంత్రం స్ప్రే సీసాతో పంజరంలోని మొక్క తడిసేలా సన్నగా చల్లండి. మధ్యలో ఆరనివ్వండి, రోజంతా తడిగా ఉన్నా జబ్బే. పంజరానికి తగిలించిన తేమ మీటరు పగలు యాభై దగ్గరుండాలి, రాత్రి ఇంకా పెరగాలి.

డ్యూటీ అయి ఇంటికొస్తే నావైపు ఒక కన్నయినా తిప్పేది ఆయనొక్కరే. జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. ఏం చేసినా చేయండి గానీ ఇస్త్రీ గదిలో మాత్రం పెట్టకండి.

~

మరదలికి,

ఆశీస్సులు. దొరగారు ఇస్త్రీ గదిలో హాయిగా ఉన్నారు.

లాండ్రీ పెట్టి జుట్టు నెరిసినవాణ్ణి. తడి ఎంత దుర్మార్గమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అరకొరగా ఆరిన చొక్కా ముక్కిపోతుంది, మడతలో బూజు పడుతుంది. షాపు ముందు ‘తడికి ఇక్కడ చోటు లేదు’ అని బోర్డు రాయించింది ఊరికే కాదు. అలాంటి నాకు నువ్వు తేమ పాఠాలు చెప్పడం, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది.

అయినా మీ అక్క పోరు పడలేక ఒకసారి చల్లాను. ఏమైంది? ఆకుపచ్చగా ఉన్నవాడు కళ్లముందే గోధుమరంగుకి వచ్చాడు! రంగు దిగింది మరదలా. ఒక్క తడుపుకే దిగింది. కొత్త బట్టకి చేసినట్టే తెల్లగుడ్డ మూల తడిపి వాడి వీపు మీద రుద్ది చూశాను. గుడ్డకి ఏమీ అంటలేదు. అంటే ఆ రంగు ఎటు పోయినట్టు? అది తేలేవరకు వాడి మీద చుక్క నీరు పడనివ్వను.

ఇట్లు,
మీ బావ

తా.క. మా షాపు పద్ధతి ప్రకారం రశీదు జతచేస్తున్నాను. ‘మగ ఊసరవెల్లి ఒకటి, ఆకుపచ్చ. రంగు దిగితే షాపుకు బాధ్యత లేదు.’ పోగొట్టుకోకు. రశీదు లేనిదే సరుకు ఇవ్వను.

~

బావగారికి,

నమస్కారాలు, అవి కూడా అక్క మొహం చూసి.

ఆయన దుప్పటి కాదు! కోపమొస్తే, చలేస్తే, వెలుతురు మారితే ఊసరవెల్లి రంగు మారుతుంది. పుట్టినప్పటి నుంచీ అదే దాని పని. ముక్కూ మొహం తెలియని మనిషి తడిగుడ్డతో వీపు రుద్దితే మీరైతే ఏ రంగులోకి మారతారో ఒకసారి ఆలోచించండి.

ఇస్త్రీ గది వేడికి లోపల నీరు ఇంకిపోతుంది. కళ్లు గుంటలు పడతాయి. అదే జరిగితే ప్రాణాలకే ముప్పు. వెంటనే బయటికి మార్చి నీళ్లు చల్లండి. లేదంటే నా స్నేహితురాలు పశువుల డాక్టరు వచ్చి ఆయన్ని తీసుకుపోతుంది.

ఇట్లు,
మీ మరదలు

తా.క. నిమిషానికో మాట మార్చేవాళ్లని ఊసరవెల్లి అంటారు. ఒక్క మాటనే పట్టుకుని కూర్చునే మిమ్మల్ని ఏమనాలో మా హాస్టల్లో ఎవరికీ తోచలేదు.

~

మరదలికి,

ఆశీస్సులు. డాక్టరమ్మని కాదు, పోలీసులని పంపు. నా గుమ్మంలో అడుగుపెట్టిన సరుకు శుభ్రంగా, పొడిగా బయటికి వెళ్తుందే తప్ప ఎవరో వచ్చి ఎత్తుకుపోయేది లేదు.

రోజూ రెండు పూటలా సీసా ఖాళీ చేస్తానని మీ అక్క నాచేత ఒట్టు వేయించుకుంది. నేను మాట తప్పే మనిషిని కాదు. పంజరం కింద, నిప్పంటుకుంటే చల్లడానికి పెట్టిన ఇసుక బకెట్టు ఉంది కదా, రెండు పూటలా సీసా అందులో ఖాళీ చేస్తున్నాను. ఒట్టూ నిలిచింది, దొరగారూ తడవలేదు. మీ అక్క సీసా చూసి మురిసిపోతోంది.

నీ మీటరు కూడా చూశాను. ముప్పై ఐదు. అంటే పాసే కదా? మన రెండు కుటుంబాల్లో అంతకంటే ఎక్కువ ఎవరికొచ్చాయి?

ఇట్లు,
మీ బావ

తా.క. దొరగారు ఒక కన్నుతో నన్ను, ఇంకో కన్నుతో మీ అక్కని ఒకేసారి చూస్తున్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆ విద్య కోసమే నేను ప్రయత్నిస్తున్నాను.

~

బావగారికి,

నమస్కారాలు లేవు.

అవి మార్కులు కావు! మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లని తెలుసు గానీ, ఆ కుందేలుకి నీళ్లు కూడా ఇవ్వరని తెలియదు. ఈ ఉత్తరం మడిచిపెట్టి వెళ్లి ఆయన కళ్లు చూడండి. ఉబ్బెత్తుగా ఉన్నాయా, లోపలికి పోయాయా? రాత్రి నిద్ర పట్టడం లేదు నాకు. ఆయనకేమైనా అయితే మీ ఇంటి గడప తొక్కను, అక్క పిలిచినా సరే. డాక్టరుకి చెప్పేశాను, పెట్టెతో వస్తుంది. అడ్డుపడకండి.

మీ అక్క చెల్లెలు

తా.క. మీకు ‘మీ మరదలు’ అని రాయడం ఇష్టం లేక అలా రాయబోయి తప్పు రాశాను. కోపంలో ఉన్నాను, దిద్దను.

~

మరదలికి,

ఆశీస్సులు. పూర్తిగా చదివాక ఏడువు, ముందే మొదలుపెట్టకు.

నీ ఉత్తరం మడిచి వెళ్లి చూశాను. కళ్లు లోపలికి పోయాయి. పంజరాన్ని పెరటి వరండాలోకి మోసుకెళ్లాను. ఇస్త్రీకి వాడే సీసాతో ఆకుల మీద సన్నగా చల్లాను. వాడు చాలాసేపు కదల్లేదు. తర్వాత నాలుక చాచి ఒక్కొక్క చుక్కే అందుకున్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. రాసేశాను, ఇక హాస్టలంతా చదివి నవ్వుకోండి.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం చల్లుతున్నాను, మధ్యలో ఆరనిస్తున్నాను. రాత్రిళ్లు ఉతికిన దుప్పట్లు కాస్త ఎడంగా చుట్టూ ఆరేస్తున్నాను. మీటరుకి పగలు యాభై, రాత్రి ఎనభై. కళ్లు మళ్లీ ఉబ్బాయి. ఒట్టు ఒట్టే కాబట్టి ఇసుక బకెట్టునీ వెంట తెచ్చి, సీసాలో మిగిలింది అందులోనే ఒంపుతున్నాను.

అంతా బాగుందనుకుంటే తిండి మానేశాడు. పంజరంలో పైకీ కిందికీ ఒకటే తిరుగుడు. అప్పుడే మీ డాక్టరమ్మ పెట్టెతో దిగింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ నా చంక కింద నుంచి దూరి పంజరం తలుపు తీసింది. దొరగారు ఆవిడ చేతికి చిక్కకుండా తిన్నగా బకెట్టులోకి దిగి, తడి ఇసుక తవ్వడం మొదలుపెట్టారు. తన గొయ్యి తానే తవ్వుకుంటున్నాడని గొల్లుమన్నాను. డాక్టరమ్మ నన్ను వరండా మెట్టు మీద కూర్చోబెట్టి, “అరవకండి. అటు చూడకండి. ఆవిడకి సిగ్గు” అంది.

ఆవిడట!

సాయంత్రానికి బకెట్టు నిండా గుడ్లు. మగతోడు లేకుండా పెట్టినవి కాబట్టి పిల్లలు కావట. ఫరవాలేదు, మా ఇంట్లో అరిచేవాళ్లు చాలినంత మంది ఉన్నారు. కానీ తడి ఇసుక దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం పోయేదట. పంజరంలో దొరగారి తిరుగుడంతా దానికోసమేనట. నీళ్లు చల్లమన్న నీ మాట నిజమే, ఇది మళ్లీ రాయను. కానీ ఆ నీళ్లు ఇసుకలో పోసిన మొండివాడెవరో కూడా గుర్తుపెట్టుకో. కాన్పుల వార్డులో ఉన్నది నువ్వు, కాన్పు చేసింది నేను.

డాక్టరమ్మ ఖాళీ పెట్టెతో వెళ్లిపోయింది. బోర్డు మీద చివరి మాట చెరిపేయించాను. ఇప్పుడు ‘తడికి ఇక్కడ చోటు’ అని ఉంది. చదివినవాళ్లు ఏమనుకుంటే నాకేం.

ఇట్లు,
మీ బావ

తా.క. శిక్షణ అవగానే వచ్చి అడుగుతావని తెలుసు. రా. నీ రశీదు తెచ్చుకో. దాని మీద ఉన్నది ‘మగ ఊసరవెల్లి ఒకటి’. అలాంటి సరుకు మా షాపులో లేదు.