సావుకారింటి ముసలి మోతీ

వరంగల్

అక్కకు నీ తమ్ముడు సారయ్య దండం పెట్టి రాస్తున్నాను. నేను మంచిగానే ఉన్నాను, ఫికర్ పెట్టుకోకు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? బావ దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా?

ఇక్కడ ఎండలు దంచుతున్నాయి. పొద్దంతా గోదాములో మిర్చి బస్తాలు మోసి, తుమ్మి తుమ్మి ముక్కు మండుతోంది. సావుకారు ఇంట్లో తిండికి లోటు లేదు. కానీ అక్కా, ఆ తిండి గొంతు దిగడం లేదు. ఈ మనుషులను చూస్తేనే రోత పుడుతోంది.

వీళ్లకు మోతీ అని ముసలి కుక్క ఉంది. వయసులో ఉన్నప్పుడు గోదాముకు అదే కావలి. ఇప్పుడు కళ్లు కనపడవు, పళ్లు లేవు. చెవి వెనుక పుండు పడి పురుగులు పట్టాయి. ఛీ, ఒకటే వాసన. దాన్ని పాయఖానా పక్కన కట్టేసి, ఎండిన రొట్టె ముక్క విసిరేసి, ముక్కు మూసుకుని పోతారు. పళ్లు లేనిది ఏం తింటుంది?

చూడలేక నేనే రిక్షాలో పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు పురుగులన్నీ తీసి మందు పోశాడు. "ముసల్దే గని ఇంకా బతుకుతది. రోజూ కడిగి మందు పెట్టు, అన్నం మెత్తగ పిసికి పెట్టు" అన్నాడు. అట్లాగే చేస్తున్నాను. పుండు మానుతోంది.

అసలు సంగతి విను. వ్యాపారం డల్‌గా ఉందని, శనివారం శనివారం నల్లకుక్కకు నెయ్యి రొట్టెలు పెట్టమని పంతులు చెప్పాడట. సావుకారు భార్య పళ్లెం పట్టుకుని బజారంతా నల్లకుక్క కోసం తిరుగుతోంది!

"అమ్మా, మన మోతీ నల్లదే గదా, దీనికి పెట్టరాదుండ్రి" అన్నాను.

"ఏడ నల్లగున్నది సారయ్యా? మూతి జూడు, తెల్లగ ముగ్గుబుట్టయింది. దానికి పెడితే లెక్కల రాదు" అంది.

థూ, ఇదేం భక్తి!

నిన్న సావుకారు పిలిచి, "దాన్ని గోనెసంచిల గట్టి ధర్మసాగర్ తొవ్వల ఇడిసిపెట్టి రా" అన్నాడు. నా ఒళ్లు మండింది. "నేను గూడ మీ బస్తాలే మోస్తున్న. రేపు నా నడుము వంగితే నన్ను ఏ సంచిల గడ్తరు?" అని అడిగాను. ఆయన నవ్వాడు. అప్పుడే పని వద్దనుకున్నాను.

ఆదివారం వస్తున్నాను. వెంట మోతీ ఉంటుంది. బస్సు ఎక్కనియ్యకుంటే మీ తొర్రూరు దిక్కు తిరిగి పోయే పత్తి లారీ ఏదైనా పట్టుకుంటాను. మీ కొట్టంలో జర ఒక మూల ఊడ్చి పెట్టు. వాసన ఇంకా కొంచెం ఉంది, అబద్ధం చెప్పను. నువ్వు కూడా ఛీ అంటే, అక్కా, మేమిద్దరం ఇంకెక్కడికి పోవాలి?

బావకు, మీ అత్తమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన కోరుతూ,

నీ తమ్ముడు
సారయ్య