పక్క గదిలో పరీక్ష

మంగళవారం, కనకమామిడి

ఆన్‌లైన్‌లో మా గేమ్ ఆడేవాళ్లకు బొమ్మ మధ్యలో ఆగిపోతోందని నెల రోజులుగా మొత్తుకుంటున్నాను. మేనేజర్ కిరణ్ మాత్రం మొయినాబాద్ ఆఫీసులో, సర్వర్ పక్క గదిలోనే కూర్చుని ఆడి, బాగుందంటాడు. అంత దగ్గర ఎందుకు ఆగుతుంది? ఇవాళ అందరి ముందూ నవ్వాడు.

"ఇన్ని పుస్తకాలు చదివిన్రు గద బాపూ, జర ఈ కాలాన్ని గూడ చదువున్రి. మీ ఊర్ల గేమెవడు ఆడుతడు?"

"చేవెళ్ల పోరగాళ్లంత ఆడుతరు. ఆగితే తిట్లు నెట్‌వర్క్ ఇంజనీరునని నాకే గద!" అన్నాను.

శుక్రవారం విడుదల. తప్పంతా నా మెడకు చుట్టి ఇంటికి పంపేస్తారేమో... చుట్టనివ్వను. సర్వర్ పక్కనున్న ఆ గదికి తాళం వేసి వచ్చాను. తాళంచెవి నా జేబులో ఉంది. అది కావాలంటే రేపు టీమంతా ఊళ్లో మా ఇంటికొచ్చి, మా నెట్ కనెక్షన్ మీద ఆడాల్సిందే. బొమ్మ ఆగగానే అందరి ముందే అడుగుతాను: "బాగున్నదా, కిరణూ?"