డాబా మీది కేక

తమ్ముడూ,

ఇంటర్నెట్, ఫోను, టీవీ మూడూ ఒకే కంపెనీ దగ్గర తీసుకోమని రాశావు. ఆ కంపెనీ వైరు రోడ్డు మలుపు దగ్గరే ఆగింది, మా ఒక్క ఇంటి కోసం ఇంతదూరం లాగరట. అయినా మూడూ ఒకడి చేతిలో పెడితే మూడూ ఒకేసారి చస్తాయి. అందుకే పాత ఫోను ఉంచేసి, టీవీకి డిష్ పెట్టించాను. ఇంటర్నెట్ సంగతి తర్వాత చూద్దాం.

నిన్న డిష్ బిగించే అతను డాబా ఎక్కి, దాన్ని తిప్పుతూ, "బొమ్మ వచ్చిందా?" అని కేకేశాడు. గాలి వీచినప్పుడల్లా మీ బావ యాంటెనా తిప్పుతూ అలాగే అడిగేవారు. ఆయన పోయాక డాబా మీంచి ఆ మాట వినపడటం ఇదే మొదలు.

టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంది. "ఇంకా రాలేదండీ, ఇంకొంచెం తిప్పండి," అన్నాను.

పాపం, ఎండలో చాలాసేపు అడుగుతూనే ఉన్నాడు.

మీ అక్క